ఎత్తని తివాచీ

మూడు దాటి అయిదు నిమిషాలు. ఇర్షాద్ కుడి అరచెయ్యి ఇంకా హమామ్ రాతినేల మీదే ఉంది, కింద మంట పెట్టి నేలని వేడి చేసే గది అది. జ్వరం తగ్గిందా అని పిల్లల నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. అతను జ్వరం ఎక్కుతుందేమోనని చూస్తున్నాడు. ఎక్కదు. ఎక్కదని మేస్త్రీ సుభాన్ ఉస్తాద్ తేల్చి చెప్పి, పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్ళి పది నిమిషాలైంది. అయినా చెయ్యి తీయబుద్ధి కావడం లేదు, తీస్తే బేరం తెగిపోయినట్టే అనిపిస్తోంది. నాలుగున్నరకి భార్య తస్లీమా వస్తుంది. ఒళ్ళో నలభై రోజుల పిల్లవాడు హాదీ, పక్కన ఆమె నాన్న, పాంపోర్ నుంచి మంచులో కారు నడుపుకుంటూ. పుట్టింట్లో పురుడు పోసుకున్న మనిషి నలభయ్యో రోజున బిడ్డతో తన ఇంటికి వస్తోంది. తన ఇల్లు అనే మాట పెళ్ళయిన ఆరేళ్ళకి ఇప్పుడే మొదటిసారి ఆమె నోట వచ్చింది. నేల వెచ్చగా ఉన్న ఇంట్లోకే బిడ్డను తెస్తాను, లేకపోతే తేను అని ఏడో నెలలోనే చెప్పింది, గొంతు పెంచకుండా, అక్రోటు పప్పులో రంగు మారిన ముక్కలు ఏరుతూ. అతను సరేనన్నాడు. వ్యాపారస్తుడి సరే. సంతకం లేకపోయినా వెనక్కి తీసుకోలేనిది.

రాయి బాగుంది. ఆ మాట ఒప్పుకోవాలి. చెక్కుడు బాగుంది, పలకకీ పలకకీ మధ్య సందులో గోరు దూరదు, రంగు చెరువు నీళ్ళ రంగు. నవంబరులో ఇల్లు చూడ్డానికొచ్చి ఈ గదిలో కూర్చున్నప్పుడు ఈ రాయి అతనికి కనపడలేదు, రాతి మీద చాప, చాప మీద తివాచీ, తివాచీ మీద తను. వెచ్చగా ఉంది. ఎంత వెచ్చగా అంటే పిరుదుల్లోంచి నడుముకి, నడుములోంచి వీపుకి ఎక్కి, రెండేళ్ళుగా ఎముకల్లో కూర్చున్న చలిని ఎవరో చేత్తో తీసి పక్కన పెట్టినట్టయింది. మనసులో అప్పుడే ఇల్లు కొనేశాడు. తర్వాత చేసిన బేరమంతా లోకం కోసం. ఇంటాయన గులామ్ జీలానీ ఎదురుగా కూర్చుని ఉప్పు టీ పోయిస్తున్నాడు, తెల్ల గడ్డం, నిదానమైన మాట, ఈ బెమినా వీధిలో పెద్దమనిషి. అలాంటి మనిషి పోయించిన టీ తాగుతూ ఆయన తివాచీ అంచు పట్టుకుని ఎత్తి చూస్తావా? ఎవడైనా చూస్తాడా? అడుగున ఏముందో చూపించమనడం మీ ఆడవాళ్ళ పెట్టె తెరవమన్నట్టే. అదే అక్రోటు మార్కెట్లో అయితే అమ్మేవాడు సొంత మేనమామైనా సరే, ఇర్షాద్ సంచి మూతి విప్పి, చొక్కా చేయి భుజందాకా మడిచి, చెయ్యి అడుగుదాకా దించి పిడికెడు పప్పు పైకి తీయందే ధర మాట ఎత్తడు. పైన తెల్లపప్పు, మధ్యలో గోధుమరంగు, అడుగున నల్లది. అందరూ అలాగే నింపుతారు, అతనూ అలాగే నింపుతాడు, దాన్ని ఎవరూ మోసం అనరు. కొనేవాడి చెయ్యి ఎంత లోతుకి పోతే అంత నిజం. పదహారేళ్ళుగా అన్నం పెట్టిన చెయ్యి, ఆ రోజు ఉప్పు టీ కప్పు పట్టుకుని ఊరుకుంది.

ఇంకొకటి కూడా ఉంది, అది తలచుకుంటే పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది. టీ తాగాక చేతులు కడుక్కోవడానికి లేవబోతే జీలానీ కూర్చోబెట్టాడు. కోడలు రాగి చెంబు, రాగి పళ్ళెం పట్టుకొచ్చి కూర్చున్నచోటే చేతుల మీద నీళ్ళు పోసింది. అతిథిని కుళాయి దగ్గరికి పంపరు, అది మర్యాద. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. హమామ్ గోడలో ఇమిడ్చిన రాగి తొట్టి నీళ్ళే అనుకున్నాడు. వంటింట్లో గ్యాసు మీద కాచిన నీళ్ళని ఇప్పుడు తెలుసు. రెండు మర్యాదలు, అటొకటి ఇటొకటి, మధ్యలో తను. ఆ మర్యాదల్ని జీలానీ కావాలని వాడుకున్నాడా, లేక మామూలుగా చేసేదే చేశాడా అన్నది ఎంత ఆలోచించినా తెగదు. కానీ ఒకటి ఉంది. ఆ రోజు జీలానీ పొడుగు ఫెరన్ చొక్కా లోపల కాంగ్డీ కుంపటి పెట్టుకున్నాడు. పొట్ట దగ్గర గుండ్రంగా ఉబ్బి ఉంది, మధ్యమధ్యలో చెయ్యి లోపలికి పోనిచ్చి నిప్పు కదుపుతున్నాడు. కాలుతున్న హమామ్ మీద కూర్చున్న మనిషికి నిప్పుల కుంపటి ఎందుకు? కళ్ళు చూశాయి. చూసి, ముసలితనం అని పేరు రాసి పక్కన పడేశాయి. నచ్చిన సరుకులో లోపం కనపడితే దానికి మంచి పేరు పెట్టడం కొనేవాడి పనే, అమ్మేవాడు కష్టపడక్కర్లేదు.

మూడుంబావు. కిటికీ అద్దం మీద లోపలివైపు మంచు పూలు కట్టింది. లోపలివైపు. కాశ్మీరులో నలభై రోజుల పెద్ద చలి, చిల్లా-ఎ-కలాన్, మొదలై పదకొండు రోజులు, ఇంకా ఇరవై తొమ్మిది. ఫోను తొడ కింద ఉంది, బ్యాటరీ చలికి చచ్చిపోకుండా. ఇప్పుడు చెయ్యొచ్చు. ఈపాటికి బయలుదేరి ఉండరు, బిడ్డకి పాలిచ్చి, గుడ్డలు చుట్టి, దిష్టి తీసి, ముసలమ్మలందరి ముద్దులూ అయ్యేసరికి మూడున్నర దాటుతుంది. రావొద్దు అని చెప్పొచ్చు. మంచు ఎక్కువగా ఉంది, రేపు రండి. రేపు ఏం చెప్తావు? ఎల్లుండి? అర్ధగంట ఆగితే ఏదైనా తోచకపోతుందా అని మధ్యాహ్నం పన్నెండు నుంచీ అర్ధగంటలు కొనుక్కుంటున్నాడు, ఒక్కో అర్ధగంటా ముందుదానికంటే ఖరీదు.

పన్నెండింటికి ఉస్తాద్ మూల పలక ఎత్తాడు. అంతకుముందు రోజు పొద్దున ఇర్షాద్ మొదటిసారి నిప్పు పెట్టాడు. ఇంటి తాళాలు చేతికొచ్చి నాలుగు రోజులే, సామాను మోయడంలో మూడు పోయాయి. వెనక గోడలో పొయ్యి నోరు, అందులోకి ఎండు మొద్దు, కింద చితుకులు, బిస్మిల్లా అని అగ్గిపుల్ల. మంట లోపలికి పోవాలి, నేల కింద స్తంభాల మధ్య తిరగాలి, పొగ అవతలి మూల గొట్టం ఎక్కి కప్పు మీదకి పోవాలి. కొంచెం దూరం పోయి, ఎవరో లోపల తలుపు వేసినట్టు తిరిగి అతని మొహం మీదకే వచ్చింది. కట్టె పచ్చిదనుకున్నాడు. కట్టె మార్చాడు. గొట్టంలో పిట్టగూడు ఉందనుకుని కప్పెక్కి మంచులో మోకాళ్ళ మీద పాకి కర్ర పెట్టి పొడిచాడు. గొట్టం ఖాళీగా ఉంది. రాత్రంతా పొయ్యి నోట్లో మంట మండింది, వెనక గోడ నల్లబడింది, పొద్దునకి గదిలో రాయి అలాగే ఉంది, చెరువు నీళ్ళ రంగులో.

ఉస్తాద్ పలక కిందకి టార్చి వేసి వంగి చూశాడు. తర్వాత నవ్వాడు, ఆ వృత్తివాళ్ళు నవ్వే నవ్వు. "ఇర్షాద్ సాబ్, ఈ కింద వరి నాటుకోవచ్చు. మంచి ఒండ్రు."

తొమ్మిదేళ్ళ కిందటి వరద. జీలం నది ఈ వీధిలో రెండో అంతస్తు దాకా వచ్చిందని ఎవరికి తెలియదు? కొనేటప్పుడు అందరికంటే ముందు అదే చూశాడు. గోడల మీద నీటి గీత ఎక్కడుందో రంగు గోకి చూశాడు, గుమ్మాల కలప వేలితో కొట్టి చప్పుడు విన్నాడు, ఆ పేరు చెప్పి ధర తగ్గించాడు, తగ్గించి మురిశాడు. వరదని లెక్కలో వేసేశాననుకున్నాడు. నీళ్ళు గోడలకి గీత గీసి వెళ్ళిపోతాయి, మట్టి మాత్రం ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ కూర్చుంటుంది. ఇల్లంతటిలోకీ పెద్ద ఖాళీ ఎక్కడుంది? కాళ్ళ కింద. పలకల దాకా నిండిపోయింది, పైన బెత్తెడు సందు. తొమ్మిదేళ్ళు ఎండి ఇటుకైపోయింది. ఉస్తాద్ గునపంతో పొడిస్తే ఠంగుమంది. పాత చాప తిరగేసి చూపించాడు, అటు పక్క అడ్డగీతలు, సన్నగా, గోధుమరంగులో, లెక్కల పుస్తకంలో గీతల్లా. "రాతి వేడికి చాప ఇలా మాడదు సాబ్. ఇవి తీగల వేడికి మాడినవి. మీరొచ్చిన రోజున తివాచీ కింద కరెంటు దుప్పటి ఉంది. మిమ్మల్ని దాని మీద కూర్చోబెట్టారు."

తవ్వి తీసేయొచ్చు కదా అన్నాడు ఇర్షాద్. తవ్వొచ్చు. పలకలన్నీ లేపి, మట్టి తీసి, లోపల కూలిన స్తంభాలు మళ్ళీ కట్టి. కట్టేది దేనితో? ఈ గడ్డకట్టే చలిలో మట్టీ పట్టదు, సున్నమూ పట్టదు, పొద్దున కట్టింది రాత్రికి గడ్డకట్టి మర్నాడు పొడై రాలుతుంది. మార్చి ఆఖరుకి కబురు పెట్టండి అన్నాడు ఉస్తాద్. ఈలోగా ఆ పొయ్యి ముట్టించొద్దు, సందుల్లోంచి పొగ గదిలోకి దిగితే నిద్రలోనే పోతారు, చంటిబిడ్డ ముందు పోతాడు. అని నిప్పంతా లాగించి, తన కాంగ్డీలోకి నాలుగు నిప్పులు తీసుకుని, మిగతావాటి మీద నీళ్ళు కొట్టించి బయలుదేరినవాడు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. ఇంతసేపూ నవ్వినవాడు ఇప్పుడు నవ్వలేదు. "మీ ఇంట్లోనూ ఒక దుప్పటి ఉండే ఉంటుందిగా. నాలుగింటికి కరెంటు వస్తుంది, ఆరు దాకా ఉంటుంది. ఈ పూట గడుపుకోండి. ఎవరూ తివాచీ ఎత్తి చూడరు."

జీలానీకి ఫోను చేశాడు, చేయకుండా ఉంటాడా. ఆయన జమ్మూలో కొడుకు దగ్గర ఎండలో కూర్చుని ఉన్నాడు, వెనక ఎవరో నారింజలు అమ్ముతున్న కేక వినపడింది. ఇర్షాద్ అరవలేదు. అరిచేవాడు సరుకు తెలియనివాడని మార్కెట్లో అందరికీ తెలుసు. విషయం చెప్పాడు. జీలానీ అంతా విన్నాడు. "మీరు అడగలేదు బాబూ," అన్నాడు. "అడిగి ఉంటే అబద్ధం ఆడేవాణ్ణి కాను, ఈ గడ్డం సాక్షి. తొమ్మిది చలికాలాలు మేమూ అలాగే గడిపాం. మా ఆవిడ ఆ గదిలోనే పోయింది." ఫోను పెట్టేశాక కూడా నారింజలవాడి కేక చెవిలో ఉండిపోయింది.

మూడున్నర. ఈపాటికి బయలుదేరి ఉంటారు. మామగారు కారు నిదానంగా నడుపుతాడు, కుంకుమపువ్వు తూచినట్టు. తస్లీమా వెనక కూర్చుని ఉంటుంది, బిడ్డ మొహం మీద గుడ్డ కప్పి, ఊపిరి ఆడుతోందా లేదా అని క్షణక్షణం గుడ్డ ఎత్తి చూస్తూ. మొదటి బిడ్డప్పుడు అలా చూసేది కాదు. మొదటిసారి ఆమెకు తెలియదు. పాప పేరు ఇన్షా. నలభై రోజులు పాంపోర్‌లో తాతగారి హమామ్ మీద పెరిగి, ఎర్రగా, కోపంగా, పిడికిళ్ళు బిగించి వచ్చింది. ఆలీ కదల్‌లో పాత ఇంట్లో పై అంతస్తులో తమ గది. నాన్న పోయాక పంపకాల్లో కింద హమామ్ అన్న అసదుల్లా వాటాకి వెళ్ళింది. వెళ్ళనీ, అన్న పరాయివాడా, వచ్చి కూర్చోమన్నాడు. వదిన మాత్రం మెట్ల మీద నిలబడి, అందరికీ వినపడేలా, "కూర్చోవడానికేం, రాజ్యమే ఉంది. కట్టెల్లో సగం వాటా పడెయ్యండి, కాళ్ళు చాపుకుని పడుకోండి," అంది. సగం. ఆ మాట దగ్గరే పడింది ముడి. వాళ్ళు ఏడుగురు, తాము ఇద్దరు, మూడోది ఇంకా పాలు తాగే పిల్ల. సగం ఎలా అవుతుంది? తలల లెక్కన పంచుదాం అన్నాడు ఇర్షాద్. పొయ్యి తలల్ని లెక్కపెట్టి కాలుతుందా, ఇళ్ళ లెక్కన పంచుదాం అన్నాడు అసదుల్లా. ఇద్దరూ వ్యాపారస్తుల కొడుకులే, ఇద్దరి లెక్కా సరైనదే. ఆ సాయంత్రమే ఇర్షాద్ గ్యాసు హీటరు కొనుక్కొచ్చాడు. దానికి కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, తెరిస్తే చలి, మూస్తే తలనొప్పి. తెరుస్తూ, మూస్తూ, తెరుస్తూ. ఎనిమిదో రోజున పాపకి దగ్గు పట్టుకుంది. పదో రోజున దగ్గు కూడా లేదు.

తస్లీమా అతన్ని ఒక్క మాట అనలేదు. ఆస్పత్రి నుంచి వస్తూ ఒక్కటే అంది, అదీ అతనితో కాదు, ఆటో అద్దంలో కనపడుతున్న తన మొహంతో. నలభై రోజులు మా నాన్న ఇంట్లో బతికిన పిల్ల పది రోజులు మా గదిలో బతకలేకపోయింది. ఆ తర్వాత కట్టెల ప్రస్తావన రాలేదు. అన్న వచ్చి కౌగిలించుకుని ఏడ్చాడు, వదిన మెట్ల మీద కూర్చుని నెత్తి బాదుకుంది, అతను కూడా ఏడ్చాడు, కానీ ఏడుస్తున్నంతసేపూ లోపల ఒక మూల తలల లెక్క నడుస్తూనే ఉంది. రెండుంబావు వంతు, ఏడు వంతులు. పసిపిల్లని పావు తల కింద కట్టాడు. పావు. అది ఎవరికీ చెప్పలేదు, చెప్పడు. ఇల్లు కొనాలని అప్పుడే అనుకున్నాడు, ఎవరి వాటా లేని హమామ్, ఎవరి మెట్ల మీదనుంచీ మాట పడని హమామ్. రెండేళ్ళు ఇళ్ళు చూశాడు, బ్రోకర్లు విసిగిపోయారు. గోడ బాగుంటే నీళ్ళు లేవు, నీళ్ళుంటే హమామ్ లేదు, హమామ్ ఉంటే చేతికందదు. అలాంటి చోట ఈ ఇల్లు, తోట, ఆపిల్ చెట్లు రెండు, వెచ్చటి తివాచీ. తస్లీమా గర్భంతో ఉంది, చూడటానికి రాలేకపోయింది. మీరు చూశారుగా అంది. మీ కన్ను నాకు తెలుసు, మీరు ఊరికే కొనరు. మార్కెట్లో వందమంది అన్న మాటే అది, కానీ ఆమె అన్నప్పుడు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇరవై నిమిషాలు తక్కువ నాలుగు. లేచాడు. లేచి ఏం చేస్తున్నాడో తనకే చెప్పకుండా మూల పలకని దొర్లించి మళ్ళీ గుంట మీద వేశాడు. పాత చాప పరిచాడు, మాడిన గీతలు కిందికి. మూటల్లో వెతికితే కరెంటు దుప్పటి దొరికింది, ఆలీ కదల్ గదిలో రెండు చలికాలాలు కప్పుకున్నదే, కాశ్మీరులో ఇది లేని ఇల్లేది. పరిచాడు. తీగ గోడ పక్కనుంచి, దిండ్ల వెనకనుంచి, కనపడకుండా. దాని మీద తివాచీ. పెళ్ళిలో మామగారు పెట్టిన తివాచీ. అంచులు చేత్తో నొక్కి సరిచేస్తుంటే జీలానీ చేతులు గుర్తొచ్చాయి, నవంబరులో తను రావడానికి గంట ముందు ఆయన కూడా ఇలాగే వంగి ఉంటాడు, ఇలాగే మోకాళ్ళ మీద, ఇలాగే అంచు నొక్కుతూ, ముసలాడు, ఆయాసపడుతూ. అప్పుడు ఆయనకి ఏమనిపించి ఉంటుంది? ఏమీ అనిపించదు. ఇప్పుడు తెలిసింది. అంచు వంకర లేకుండా ఉందా అన్నది ఒక్కటే అనిపిస్తుంది.

ఆరు తర్వాత ఏం చెయ్యాలి? ఆరు తర్వాత రెండు కాంగ్డీలు, గ్యాసు హీటరు, కిటికీ కొంచెం తెరిచి. కాదు. ఆరుకల్లా మామగారు వెళ్ళిపోతాడు, అప్పుడు నెమ్మదిగా చెప్తాడు. ఏమని? కట్టె బాగాలేదు, రేపు మారుస్తాను. రేపు ఇంకొక మాట. ఎల్లుండి కరెంటు ఎక్కువసేపు ఇచ్చే కనెక్షను, ఎవరికో ఏదో ఇచ్చి. అలా మార్చి దాకా. మార్చి ఆఖరున ఉస్తాద్ వస్తాడు, మట్టి తీస్తాడు, అప్పుడు అంతా నిజమైపోతుంది, వెనకటి అబద్ధం కూడా. నల్లపప్పు మీద తెల్లపప్పు పోసి మార్చి దాకా సంచి మూతి కట్టి ఉంచడం, అంతే. తను చెయ్యలేని పని కాదు. బిడ్డ ఛాతీ మీద చెవి పెట్టి వింటూ ఉంటాడు, రాత్రంతా మెలకువగా ఉంటాడు, ఈసారి ఒక్క క్షణం కూడా పోనివ్వడు. ఇలా అనుకుంటుంటే దాదాపు ఊరట కలిగింది, అంతలోనే ఆ ఊరటంటే భయం వేసింది. కట్టెల లెక్క సరిగ్గా తేలిన రోజున కూడా ఇలాంటి ఊరటే కలిగింది.

నాలుగు. గోడ మీద బల్బు ఎర్రగా కొట్టుకుని వెలిగింది. వీధిలో అక్కడక్కడా మోటార్ల చప్పుడు. దుప్పటి స్విచ్చి వేశాడు, తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. అయిదు నిమిషాలకి తెలిసీ తెలియకుండా, పది నిమిషాలకి తెలిసేలా, పావుగంటకి హాయిగా. నిజం చెప్పాలంటే తేడా లేదు. హమామ్ వేడి నెమ్మదిగా లోతునుంచి వస్తుంది, ఇది పైపైనే ఉంటుంది, కానీ కొత్తగా వచ్చి కూర్చునేవాళ్ళకి ఆ తేడా ఏం తెలుస్తుంది, అందులోనూ దారంతా గడ్డకట్టి వచ్చినవాళ్ళకి. తను కనుక్కోలేదు. పదహారేళ్ళు సంచులు తడిమినవాడే కనుక్కోలేదు.

ఫోను మోగింది. తస్లీమా.

"గల్లీ మలుపు దగ్గరున్నాం," అంది. "మంచు ఎత్తుగా ఉంది, నాన్న కారు ఆపాడు."

పార తీసుకుని వస్తానన్నాడు, అయిదు నిమిషాల్లో దారి చేస్తానన్నాడు.

"ఉండండి. రాయి వెచ్చగా ఉందా?"

వెనక బిడ్డ చప్పుడు వినపడింది, ఏడుపు కాదు, పాలు తాగి మత్తుగా ఉన్నప్పుడు చేసే గురగుర. ఆ చప్పుడు అతను ఇన్నాళ్ళూ ఎక్కువగా ఫోనులోనే విన్నాడు. కింద తివాచీ వెచ్చగా ఉంది, అబద్ధం చెప్పనక్కర్లేనంత వెచ్చగా.

"ఉంది," అన్నాడు.

"ఎప్పుడు ముట్టించారు?"

"తెల్లవారుజామునే."

కారు ఇంజను తిరుగుతున్న చప్పుడు, మామగారు ఏదో అడగడం. తర్వాత మామూలు గొంతుతో అంది. "మీరు చెప్పిన ఆకుపచ్చ రేకుల కప్పు, మూల ఇటుక గొట్టం. ఇల్లు అదేగా? వీధిలో అన్ని గొట్టాల్లోంచీ పొగ వస్తోంది. అందులోంచి రావడం లేదు. కారు ఆగినప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను."

నోరు తెరిచాడు. గొట్టంలో పిట్టగూడు అనే మాట నాలుక మీదకి వచ్చి నిలబడింది. సిద్ధంగా ఉంది, చెప్తే నమ్మేలా కూడా ఉంది. చెప్పలేదు, చెప్పకపోవడంలో మంచితనం ఏమీ లేదు, ఆ ఖాళీ గొట్టం కళ్ళముందు నిలిచింది అంతే. నవంబరులో తను కూడా ఆ మలుపు దగ్గరే ఆటో దిగాడు. తలుపు చూశాడు, తోట చూశాడు, గోడ గీత కోసం చూశాడు. తల పైకెత్తలేదు. ఎత్తి ఉంటే గొట్టం ఖాళీగా కనపడేది, తివాచీ ముట్టుకోనక్కర్లేకుండానే, ఎవరి మర్యాదా పోకుండానే. మార్కెట్ మొహం చూడని మనిషి, కారు దిగకుండా, ఒక్క చూపుతో సంచి అడుగు ముట్టింది.

"చల్లగా ఉందని ఒక్క మాట అని ఉంటే దిగేదాన్ని," అంది తస్లీమా. "పొద్దున నుంచీ అదే అనుకుంటూ వచ్చాను. ఏదో ఒకటి సరిగ్గా ఉండదు, పోనీలే, ఇద్దరం చూసుకుందాం అని. మీరు ఉంది అన్నారు." నాన్నతో కారు తిప్పమంది. "బిడ్డని తీసుకెళ్తున్నాను."

అతను బయటికి పరుగెత్తేసరికి గేటు దగ్గర మంచు మోకాళ్ళ దాకా ఉంది. మలుపు దాకా నూరడుగులు, ఆ నూరడుగులూ ఈదినట్టు వెళ్ళాడు. కారు వెనక్కి మళ్ళి పెద్ద రోడ్డు ఎక్కుతోంది, వెనక అద్దానికి ఆవిరి పట్టి ఉంది, లోపల ఎవరున్నారో కనపడలేదు. మలుపులో పిట్టగోడ మీద, మంచు తుడిచిన చోట, ఎర్ర గుడ్డ కట్టిన పెద్ద గంప ఉంది. మామగారు పెట్టి ఉంటాడు. బిడ్డ ఇల్లు చేరే రోజున తల్లి పుట్టింటివాళ్ళు తెచ్చే రొట్టెలు, నువ్వులు అద్ది, నెయ్యి రాసి, పాంపోర్ భట్టీలో పొద్దున కాల్చినవి. బయలుదేరిన రొట్టె వెనక్కి పోకూడదు. ఆయన అల్లుడి మొహం చూడదలుచుకోలేదు, అలాగని ఆచారం తప్పదలుచుకోలేదు. గుడ్డ కింద అవి ఇంకా వేడిగా ఉన్నాయి. వీధిలో ఇంటింటికీ రెండేసి పంచాలి, పంచకుండా దాచుకుంటే బిడ్డకి మంచిది కాదంటారు. బిడ్డకి మంచిది కాదు అన్న మాట దగ్గర అతను ఆగిపోయాడు. ఆ ఒక్కదానితో బేరం ఆడలేడు.

గంప నెత్తిన పెట్టుకుని మొదటి ఇంటి తలుపు కొట్టాడు. ఆ ఇంటి పేరు కూడా తెలియదు. ముసలావిడ తలుపు సగం తీసింది, వెనకనుంచి కట్టె కాలుతున్న వాసన, పిల్లల గోల, వెచ్చటి గాలి అతని మొహానికి తగిలాయి. రొట్టెలు చూసి ఆవిడ మొహం విప్పారింది. ఎవరింటి శుభమో గ్రహించి రెండు చేతులూ చాపి, అతని భుజం మీదుగా వీధిలోకి తొంగి చూసింది.

"ముబారక్ నాయనా, ముబారక్. ఏరీ, బిడ్డేడీ, తల్లేదీ?"

రెండు రొట్టెలు తీసి ఆవిడ చేతుల్లో పెట్టాడు. "రాలేదమ్మా. మా ఇంట్లో రాయి చల్లగా ఉంది."

అంత తేలికైన మాట. నాలుక మీద ఏ బరువూ లేకుండా వచ్చేసింది, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు.

ఆవిడ రొట్టెల వైపు చూసింది, తర్వాత అతని వైపు. "తెలుసు బాబూ," అంది. "ఈ వీధిలో అందరికీ తెలుసు." వేడి బయటికి పోతుందని తలుపు వేసుకుంది.